శేఖరన్న కీబోర్డు కడిగిన పొద్దు

నా చేతుల్లో బాగుపడిన వస్తువులు శానా తక్కువ. చెడిపోయినవి చెప్పాలంటే పొద్దుగుంకుతాది. చిన్నప్పుడు మా అవ్వ నన్ను 'ఏదీ ముట్టుకోవద్దు తల్లీ, దూరం నుంచి చూడు' అంటానే పెంచింది. ఆ మాట ఇని ఉంటే ఈ పొద్దు ఇది రాసే గతి పట్టేది కాదు. నాకు యాభై దాటినాయి. మోకాళ్ళు పట్టేసినాయి, కండ్లద్దాలు లేకుంటే బియ్యంలో రాళ్ళు కనపడవు. అట్లాంటిదాన్ని ఒక మిషన్ ఇప్పదీసి, కడిగి, మళ్ళా బిగిస్తానని మిద్దె మీదికెక్కి కూచున్నాను. అంతకు ముందు నేను స్క్రూ ఇప్పింది కుక్కరు పిడిది ఒక్కటే, అది కూడా మా ఆయన పక్కన నిలబడి చెప్తాంటే.

మా అన్న శేఖర్ పోయి ఏడాది దాటింది. బళ్ళారిలో కచేరి వెనక సందులో టైపింగ్ అంగడి నడిపినాడు, తల నెరిసే దాకా అదే కుర్చీలో. సంవత్సరికం అయినాక మా పార్వతొదిన అంగడి ఖాళీ చేసి తాళంచెవి ఇచ్చేసింది. ఇప్పుడు ఆడ మొబైల్ కవర్లు తోరణాల మాదిరి ఏలాడతాండాయి. ఖాళీ చేసిన వారానికి వదిన ఆటోలో మా ఇంటికి వచ్చింది, ఒళ్ళో పసిబిడ్డను పెట్టుకున్నట్ల ఒక తువ్వాల మూట పెట్టుకొని. చా కూడా తాగకుండానే మూట ఇప్పి మంచం మీద పెట్టింది. అన్న పాత కీబోర్డు.

"దీన్ని రవంత శుభ్రం చేసియ్యి సరోజా. మీ అన్న ఫోటో ముందర పెట్టుకుంటా," అనింది.

"ఇంగేం దొరకలేదా వదినా? ఆయప్ప వాచీ ఉండె కదా."

"వాచీ ఎవరిదైనా వాచీనే. దీని మీద ఆయన చేతిరాత ఉండాది. ఇంట్లో అంతా వెతికినా. ఒక్క కాగితం ముక్క మీద ఆయన రాసింది ల్యా. అంతా టైపు చేసిందే. సంతకం చూస్తే అక్షరమే లేదు, ఒక వంకర గీత. ఆయన చేత్తో రాసింది అని చెప్పుకునేదానికి ఇదొక్కటే మిగిలిందమ్మా."

నిజమే. ఊరందరి అర్జీలు, పెండ్లి కార్డులు, కోర్టు కాగితాలు ఆయప్ప చేతి మీదుగా పోయినాయి, అన్నీ టైపే. ఆఖరికి కిరాణా చీటీ కూడా టైపు చేసి ప్రింటు తీసి వదిన చేతికి ఇస్తాండె, ఉప్పు ఒక లైను, చింతపండు ఒక లైను. "నువ్వు దిగులు పడొద్దు వదినా, కొత్తదాని మాదిరి చేసిస్తా," అన్నాను.

"కొత్తగా యాల? అక్షరాలు కనపడితే సాకు," అనింది వదిన. సాకు అంటే చాలు. మా ఇండ్లల్లో ఒక మాట తెలుగులో బయల్దేరి కన్నడలో ఊరు చేరుతాది, ఎవరమూ పట్టించుకోం. కానీ ఆ మాట నేను ఇంకాస్త చెవిన వేసుకొని ఉండాల్సింది.

ఇప్పటి కీబోర్డులు అప్పడాల మాదిరి ఉంటాయి, గాలొస్తే ఎగిరిపోతాయి. అది అట్లాంటిది కాదు. రెండు చేతులతో ఎత్తాల. ఒక్కొక్క కీ కింద దానిదొక స్ప్రింగు, దానిదొక డబ్బీ. నొక్కితే ఒక చప్పుడు, వదిలితే ఇంకొక చప్పుడు. అన్న ఊపు మీదుంటే ఇసకలో బొరుగులు వేంచినట్ల వినపడతాండె. కొన్నప్పుడు మీగడ రంగులో ఉండె. వదిన తెచ్చేనాటికి పసుపు బట్ట రంగుకు తిరిగింది. దాని సందుల్లో గనుల లారీలు మా ఊరంతా చల్లిపోయిన ఎర్రదుమ్ము. ఒక్కొక్క కీ మీద పై మూల, ప్లాస్టిక్‌లోకే దిగేటట్ల అచ్చేసిన ఇంగ్లీషు అక్షరం. దాని కింద ఎర్ర పెయింటుతో అన్న రాసిన తెలుగు అక్షరాలు, కొన్నిటి మీద ఒకటి, కొన్నిటి మీద రెండు. లారీలకు నంబర్లు రాసేవాని తావ అడిగి తెచ్చిన పెయింటు. గుండుసూది మొనతో రాసినవి. జిడ్డులో సగం మునిగిపోయినా, చూసేవాళ్ళకు తెలుస్తాండె.

ఆ అక్షరాలు నాకోసం రాసినవి. ఇది చెప్పాలంటే నాకు తెలుగు అక్షరాలు రాని కాలం నుంచి మొదలుపెట్టాల. నా పుస్తకాలు చదివినోళ్ళు నవ్వుతారేమో, కానీ పద్దెనిమిదేండ్లు నిండే దాకా నాకు తెలుగులో నా పేరు రాసుకునేది రాదు. మాది సిరుగుప్ప పక్కన దేశనూరు. ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడ, సంతలో రెండూ కలిసిన ఇంగొకటి. తెలుగు అంటే మాకు నోట్లో ఉండేది, దానికి అక్షరాలు కూడా ఉంటాయని ఎవరూ చెప్పలే. అన్న ఒక్కడే ఏడో తరగతి దాకా గుంతకల్లులో మేనత్త ఇంట్లో ఉండి చదివొచ్చినాడు, అందుకని ఆయప్పకు రెండూ వస్తాండె. నేను పియుసి, అంటే ఇంటర్, తప్పి ఇంట్లో కూచుంటే, అమ్మ నన్ను చూసినప్పుడల్లా నిట్టూర్చేది. అన్న ఒకసారి ఊరికి వచ్చినాడు, నా మొగం చూసినాడు, "ఈమెను నేను పిలుచుకొని పోతా. అంగట్లో కూచోని టైపింగ్ నేర్చుకోనీ," అన్నాడు. అట్ల ఒక ట్రంకు పెట్టె, ఒక చాపతో నేను బళ్ళారి చేరినాను.

అంగడి ముందర, ఇల్లు దాని వెనక. నడుమ ఒక పరదా. పొద్దన్నే వదిన అంగడి ముందర నీళ్ళు చల్లి ముగ్గేసే యాళకు అన్న తానం చేసి, ఇబూది పెట్టుకొని, కీబోర్డు మీద కప్పిన పాత పంచె ముక్కను దులిపి మడతేస్తాండె. తర్వాత గడ్డం గీసుకునే బ్రష్షొకటి తీసేవాడు, గడ్డానిది కాదు, కీబోర్డుకని ప్రత్యేకంగా పెట్టింది. దాంతో వరస వరసా ఊడుస్తాండె, పిల్లకు తల దువ్వినట్ల. ఆ పని అయ్యే దాకా మాట్లాడడు. గిరాకీ వచ్చి నిలబడినా "కూచోండప్పా" అని కంటితోనే చెప్తాండె. పరదా ఎనక నుంచి బొరుగుల ఉగ్గాని తాలింపు వాసన, ముందర నుంచి ప్రింటరు వేడెక్కిన వాసన, రెండూ నా ముక్కులో ఇప్పటికీ కలిసే ఉండాయి. అంగట్లో ఎవరూ తినకూడదని అన్న పెట్టిన కట్టు. గిరాకీలకు, నాకు, వదినకు అందరికీ. ఆయప్పకు మాత్రం లేదు. జేబులో బొరుగులు పోసుకొని ఒక చేత్తో తింటా, ఒక చేత్తో కొడతాండె. నేను చూస్తే "ఇది పనిలో భాగం" అంటాండె.

మహర్నవమి నాడు ఆయుధ పూజ. లారీలోళ్ళు లారీలకు, మగ్గాలోళ్ళు మగ్గాలకు చేసినట్ల అన్న కంప్యూటరుకు చేస్తాండె. తెరకు మూడు ఇబూది గీతలు, ప్రింటరుకు బంతిపూల దండ, కీబోర్డు మీద అన్నిటికన్నా పొడుగు కీకి కుంకుమ, అక్షింతలు. "మిషన్‌లోకి పోతాయి కదన్నా" అంటే "పోనీ, లోపల ఉండే దేవునికే కదా" అనె. అట్ల ఏండ్లు ఏండ్లు పోసినాడు.

మాకు కన్నడ పని ఎంత ఉంటాండెనో, తెలుగు పని కూడా అంతే వస్తాండె. పెండ్లి పత్రికలు, పెద్దకర్మ కార్డులు, నాటకాల పాంప్లెట్లు. మా జిల్లాలోనే ఉండే ఎమ్మిగనూరు దిక్కు కాలవ కింద కోస్తా నుంచి వచ్చి వరి పెట్టుకున్న రైతులు ఉండ్రి, వాళ్ళు మా మాట ఇని నవ్వుకుంటాండ్రి. "మీరు మాట్లాడేది తెలుగేనాండి?" అని ఒకాయన అడిగితే అన్న "మాది తెలుగే. మీదేందో మాకూ తెలీదు" అన్నాడు, ఆయన పడీపడీ నవ్వి ఇంకో వంద కార్డులు ఎక్కువ చెప్పిపోయినాడు. ఆ తెలుగు పనికి అన్నకు ఇంకొక మనిషి చెయ్యి కావాల. ఆ మనిషికేమో అక్షరాలు రావు.

ఇంకొక చిక్కు కూడా ఉండె. అంగట్లో ఉండే సాఫ్ట్‌వేర్ కన్నడది. తెలుగు అక్షరాలు ఎవరో ఫ్లాపీలో పెట్టిస్తే అన్న దాన్లోకి ఎక్కించుకున్నాడు. ఏ కీ నొక్కితే ఏది పడతాదో ఒక వరస ఉండేది కాదు. క నొక్కాల్సిన చోట ఇంగేదో పడేది. ఆయప్ప దినాల తరబడి కూచోని, తన వేళ్ళకు యాడ అనువుగా ఉంటే ఆడ ఆ అక్షరాన్ని పెట్టుకుంటా, అంతా మార్చేసినాడు. ఆ వరస ఆ అంగట్లో, ఆ ఒక్క కంప్యూటర్లోనే. లోకంలో ఇంగెవరి తావా లేదు. అంతా అయినాక, మూడు దినాలు గిరాకీల చేత తిట్లు తింటా, కీలన్నీ పీకి వదిన తాంబాళంలో పరిచి, సూది మొనతో ఒక్కొక్క అక్షరం రాసి ఆరబెట్టినాడు. "నాకు ఇవి అక్కర్లేదు, నా వేళ్ళకు తెలుసు. ఇవి నీకు," అన్నాడు.

నేను తెలుగు నేర్చుకుంది ఆ కీల మీదే. పలక లేదు, బలపం లేదు. కన్నడ అక్షరం నాకు తెలుసు కాబట్టి, అన్న దాని నెత్తి మీద అడ్డగీత తీసి టిక్కు పెట్టి చూపిస్తాండె, "ఇంతే తేడా, భయపడొద్దు" అంటాండె. నేను మొట్టమొదట కొట్టిన తెలుగు మాటలు ఎవరిదో పెండ్లి పిలుపు. ఆ పిల్ల పేరు పద్మావతి, నేను పద్మావాతి అని కొట్టినాను. నా మొదటి కథ కూడా ఆడనే, రెండు కార్డుల నడుమ దొరికిన సందులో, దొంగతనంగా కొట్టింది. అన్న అది తెర మీద అంతా చదివినాడు. "ఎట్లుండాది?" అంటే "తప్పుల్లేవు" అన్నాడు. ఆయప్ప నోట అంతకంటే పెద్ద మెప్పు ఎవరూ ఇన్లేదు. ఆ రెండేండ్లు నాకు దొరకకపోయి ఉంటే నేను కన్నడలో ఏదో రాసేదాన్నేమో, లేకుంటే ఏమీ రాయకుండా పోయేదాన్నేమో. తర్వాత నాకు పెండ్లయింది, చేతికి పెన్ను అలవాటైంది, అంగడికి పోతే చుట్టం మాదిరి కూచోని చా తాగి వస్తాంటి. అన్ని భాషలూ పుట్టుకతో వచ్చే కొత్త కంప్యూటర్లు వచ్చినాయి. పాతదాన్ని అన్న తుక్కోనికి ఏసినాడు, కీబోర్డును మాత్రం పంచె ముక్కలో చుట్టి అటక మీద పెట్టుకున్నాడు.

దాన్ని నా చేతికి ఇస్తే నేను చేసిన పని ఇనండి.

ఫోనులో ఒక వీడియో పెట్టుకున్నాను. అందులో మనిషి మొదటి మాటే 'కీలు పీకకముందు ఒక ఫోటో తీసుకోండి' అన్నాడు. యాల? ఇంగ్లీషు అక్షరాలు అచ్చేసి ఉండాయి, నా ఫోనులో చూసుకుంటే ఏది యాడో తెలుస్తాది, ఫోటో ఎందుకని నవ్వుకున్నాను. అంత తెలివి నాది. రెండు జడపిన్నులు వంచి, కీ రెండు పక్కలా దూర్చి పైకి లాగితే పుటుక్కున ఊడొచ్చె. మొదటిది ఊడినప్పుడు ఇరిగిందేమో అనుకొని తిప్పి తిప్పి చూసినాను. పదోదానికి చెయ్యి కుదిరింది. అన్నీ ఊడినాక కింద చూస్తే, ఒక ఇంటి చరిత్ర అంతా పడి ఉండాది. బొరుగు పలుకులు, ఇబూది, నల్లబడిన కుంకుమ ముద్ద, అక్షింతలు, ఒక నెరిసిన వెంట్రుక, దాని మీద ఎర్రదుమ్ము పరుపు. ఆ గింజలన్నీ ఊడ్చి చేటలోకి ఎత్తి, చేట తీసుకొనిపోయి చెత్తబుట్టలో కొట్టినాను. ఇల్లు ఊడ్చినట్ల, అంత మామూలుగా. వెంట్రుక కూడా పోయింది అందులోనే. నా చేతులు ఇరిగిపోను.

అంతటితో ఆపి, తడిగుడ్డతో కీలు తుడిచి ఉంటే సరిపోయేది. వదిన అడిగింది అంతే. కానీ పసుపు రంగు నా కంటికి ఆనలేదు. వీడియోలో మనిషి పసుపుబారిన ప్లాస్టిక్‌కు పెరాక్సైడ్ పూయమన్నాడు. మందులంగట్లో చిన్న సీసా తెచ్చుకోండి, ముందు ఒక్క కీ మీద చూసుకోండి అన్నాడు. పెరాక్సైడ్ అనే మాట చెవినపడగానే నా మనసు మందులంగడికి పోలేదు. బళ్ళారిలో కాపురం చేసే ఏ ఆడదాని మనసైనా యాడికి పోతాదో ఆడికే పోయింది. మా వీధుల్లో ముందరింట్లో జీన్స్ కుడతారు, పక్కింట్లో దారాలు కత్తిరిస్తారు, వెనకింట్లో ఆ పెరాక్సైడ్ ఏసే కడుగుతారు. తెల్ల పంచెకు మరకైనా, పరుపు గుడ్డకు తుప్పైనా మేము సబ్బు కొనం, వాషింగ్ యూనిట్‌కు సీసా పట్టుకొని పోతాం. నేను కూడా పోయినాను.

మా వెనక వీధి యూనిట్ చూసుకునేది బాషా. నన్ను చూస్తానే నీలం పట్టిన చేతులు తుడుచుకొని వచ్చినాడు.

"ఎన్ని బట్టలక్కా?"

"బట్టలు కాదప్పా. కంప్యూటర్ బటన్లు. తెల్లగా కావాల."

బాషా తల గోక్కున్నాడు. "ప్లాస్టిక్ సంగతి మాకు తెల్వదక్కా. మా మాల్, ఈ మందు, బలంగా ఉంటాది. బట్టకైతే వేడినీళ్ళలో కలిపి ఏస్తాం. వాటి మీద పెయింట్ గియింట్ ఏమన్నా ఉంటే జర చూసుకో."

"లారీ నంబర్లకు ఏసే పెయింటప్పా అది. ఎన్ని వానలు, ఎన్ని ఎండలు తిన్నా పోదు," అన్నాను.

నేనే అన్నాను. ఇంగెవరో అనుంటే వాళ్ళ మీద పడి ఏడ్చేదాన్ని. బాషా అప్పటికీ చేతికి కవరు తొడుక్కోమని చెప్పి, సీసా నింపి, మూత బిగించి ఇచ్చినాడు. వేడినీళ్ళు కూడా నేను మర్చిపోలేదు. యూనిట్‌లో ఎట్ల చేస్తారో అట్లే చేయాలని కదా. మిద్దె మీద బకెట్లో కాగిన నీళ్ళు పోసి, సీసా వంచి, గుప్పెడు సోడా ఏసి, కీలన్నీ దాంట్లోకి జారవిడిచినాను. సన్నగా నురగ పొంగింది. బళ్ళారి ఎండ నెత్తిన ఉండాది. తాంబాళం మూత పెట్టి, పాట పాడుకుంటా కిందికి దిగి, అన్నానికి ఎసరు పెట్టుకున్నాను.

అన్నం దించి, పప్పు ఎనిపి, మా ఆయనకు వడ్డించి పైకి పోయినాను. మూత తీస్తే కీలు ఒలిచిన వెల్లుల్లి రెబ్బల మాదిరి తెల్లగా ఉండాయి. సంతోషపడినాను. ఎంతసేపని అడగొద్దు, కానీ పడినాను, 'భలే చేసినావే సరోజా' అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం. చెయ్యి పెట్టి ఒక కీ తీసినాను. ఇంగ్లీషు అక్షరం ఉండాది. దాని కింద ఏమీ లేదు. ఇంగొకటి తీసినాను. ఏమీ లేదు. అప్పుడు నీళ్ళు చూసినాను. పైన నురగలో, గోటి ముక్కలంత, మిరపగింజలంత, ఎర్రెర్రగా పొట్టు తేలతాండాది.

చేతి కవరు పీకి పారేసి రెండు చేతులతో తోడినాను. మా ఆయన పాత పంచె తెచ్చి నీళ్ళన్నీ వడకట్టినాను. గుడ్డ మీద ఎర్ర పొట్టు మిగిలింది. ఒక పొట్టు కొమ్ము తిరిగినట్ల ఉండాది, ఇంగొకటి సున్నాలో సగం. ఏ అక్షరం ఎముకో ఏం తెలుస్తాది? ముట్టుకుంటే చివికిపోయినాయి. అరచేతులు తెల్లబడి మంట పుట్టినాయి, ఆ మంట చాలలేదనిపించింది. ఒక్కొక్క కీనీ ఎండకు అడ్డంగా పెట్టి, వాల్చి, తిప్పి, భూతద్దంతో చూసినాను. పెయింటు కింద ఉన్న చోట కొంచెం రంగు తేడాగా ఉంటాది కదా, ఆ జాడన్నా దొరుకుతాదని. దొరకలేదు. ఆ మందు పాత రంగునూ కొత్త రంగునూ ఒకటి చేసేసింది, దాని పని బాగా చేసింది. కింద నుంచి మా ఆయన "ఏంది, నువ్వు తినవా?" అని కేకేస్తాండాడు. నేను మిద్దె మీద, ఆ కాలే నేల మీద, కాళ్ళు చాపుకొని కూచోని ఏడ్చినాను. అన్న పోయిన నాడు నేను ఏడ్వలేదు. ఆ నాడు వదినను పట్టుకునేవాళ్ళు కావాల్సి ఉండె, ఆ పని నాది.

తర్వాత మూడు దినాలు కుక్క తిరిగినట్ల తిరిగినాను. అన్న కొడుకు రవికి ఫోను చేసి ఆ పాత ఫ్లాపీలు ఏమన్నా ఉండాయా అని అడిగితే "ఎందుకత్తా?" అన్నాడు, "ఊరికే" అన్నాను. లేవు. కంప్యూటర్ తుక్కైపాయె, ఆ వరస దానితోనే పాయె. అప్పటి పెండ్లి కార్డులు వెతికితే అక్షరాలు కనపడతాయి, ఏ అక్షరం ఏ కీ కింద ఉండెనో కార్డు ఎట్ల చెప్తాది? ఇంగ ఏమీ చేసేదానికి లేక కీలన్నీ మళ్ళా బిగించినాను. దాని తోక పిన్ను పాతకాలంది, కొత్త కంప్యూటర్‌కు సరిపోదు. బస్టాండు కాడ నడుమ పెట్టే ముక్కొకటి దొరికింది. పెట్టి చూస్తే అన్ని కీలూ పనిచేస్తాండాయి. ఒక్కటి పట్టదు, ఒక్కటి జారదు. మొదటిసారి చేసినదానికి ఇంత బాగా కుదిరిందా అని మెచ్చుకునేంత బాగా. నాకు నెత్తి బండకేసి కొట్టుకోవాలనిపించింది.

ఇప్పుడు తెలుగు రాసేదానికి కీలే అక్కర్లేదు. ఫోను పట్టుకొని నోటితో చెప్తే అక్షరాలు వాటంతటవి వచ్చి పడతాయి. నేను కూడా రాస్తాను అట్ల, చేతులు నొప్పి పుట్టినప్పుడు. నేను 'ఉండాది' అంటే అది 'ఉంది' అని దిద్దుతాది. 'యాడ' అంటే దానికి తెలియదు, ఏడవమంటున్నానేమో అనుకుంటాది. అన్న నా ఒక్క మాటా దిద్దలేదు. ఇంట్లో ఎట్ల మాట్లాడతామో అట్లే కొట్టు, కార్డులోళ్ళకు కావాల్సింది కార్డులోళ్ళకు, నీకు కావాల్సింది నీకు అంటాండె. ఒక పిల్లకు అక్షరాలు రావని మూడు దినాలు అంగడి పని ఆపుకొని సూది మొనతో రాసే మనిషి అప్పుడు ఉండె. ఇప్పుడు ఆ ఓపిక నాకే లేదు. ఉండుంటే ముందు ఒక్క కీ కడిగి చూసేదాన్ని.

వదిన ఫోను చేస్తే రెండుసార్లు ఎత్తలేదు. మూడోసారి ఎత్తి "తెస్తాండా వదినా" అన్నాను. అబద్ధం చెప్పే దారులన్నీ ఆటోలో కూచోని ఆలోచించినాను. నేనే ఎర్ర పెయింటు తెచ్చి రాసేద్దామా, ఆమెకు ఏం తెలుస్తాది అని కూడా అనుకున్నాను. ఆ కీల మీది రాతను ఏండ్ల తరబడి చూసిన మనిషికి తెలియకుండా ఉంటాదా? రవి ఇంట్లో వదినకు వీధి వైపు గది ఇచ్చినారు. గోడకు అన్న ఫోటో, దాని ముందర చిన్న బల్ల, బల్ల మీద అప్పుడే ఉతికి పరిచిన తెల్ల గుడ్డ. కీబోర్డుకని పరిచింది. ఆ గుడ్డ చూసినాక నేను కూచోలేకపోయినాను. నిలబడే చెప్పినాను, బాషా మాట, నా మాట, బకెట్టు, ఎసరు, అన్నీ.

వదిన నన్ను తిట్టలేదు. కీబోర్డును ఒళ్ళో పెట్టుకొని, మొదటి వరస నుంచి ఒక్కొక్క కీ మీద బొటనవేలు రుద్దుకుంటా పోయింది.

"ఏమీ ల్యా?"

"ల్యా వదినా."

"ఒక్కటన్నా?"

"ఒక్కటి కూడా ల్యా."

లేచి లోపలికి పాయె. ఏడ్చేదానికి పోయిందనుకొని నేను గోడకు ఆనుకొని నిలబడినాను. తిరిగి వచ్చింది, చేతిలో మనవరాలి గోళ్ళరంగు సీసా. ఎర్రది. నేల మీద కూచోని, కీబోర్డు ముందర పెట్టుకొని, సీసా మూత తిప్పింది.

"చెప్పు. ఏది యాడుండెనో చెప్పు, నేను రాస్తా. ఆయన రాత కాకుంటే పోనీ. ఆయన పెట్టిన తావుల్లో ఉంటాయి కదా."

నేను ఎదురుగా కూచున్నాను. వేళ్ళు కీల మీద పెట్టినాను. "క ఈడ," అన్నాను. వదిన రాసింది. ఆమె కన్నడ చదువు మనిషి. తలకట్టు టిక్కు మాదిరి కాక అడ్డంగా పడింది. "ర దాని పక్కన. అ ఈ చివర. న... న ఈడ." నాలుగు. ఐదోదానికి నా వేలు లేచింది గాని, యాడా దిగలేదు. త ఈడనా, ఆడనా? ప? కండ్లు మూసుకొని చూసినాను. నాకు గుర్తొచ్చేది అన్న వేళ్ళ చప్పుడే, వాటి కింద అక్షరాలు లేవు. ఆ రెండేండ్లూ నేను ఒక్కొక్క అక్షరాన్ని వెతుక్కొని, చూసుకొని, చూసిందాన్నే నొక్కుతా వచ్చినాను. "చూడకుండా కొట్టేది నేర్చుకో సరోజా, ఈ పెయింటు ఎన్నాళ్ళుంటాది" అని ఆయప్ప చెప్పి చెప్పి విసిగిపోయినాడు. ఉంటాది లే అన్నా అని నేను నవ్వేదాన్ని.

వదిన కుంచె పట్టుకొని నా మొగమే చూస్తాండాది. కుంచె కొసన రంగు చుక్క కట్టి, ఏమీ లేని ఒక కీ మీద పడింది. కొంగు చివరతో దాన్ని తుడిచేసింది.

"ఇంగ రావడం లేదు వదినా," అన్నాను.

"తొందరేం ల్యా," అనింది. సీసా మూత పెట్టి గట్టిగా బిగించింది. "తెరిచి పెడితే ఎండిపోతాది. గుర్తొచ్చినప్పుడు చెప్పు, రాస్తా."

సరే అన్నాను. నాకు గుర్తు రావు.